నాన్న మీద పాట పెంచిన రోజు

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నేను వేలంలో పాట పాడింది జీవితంలో ఒకే ఒక్క రోజు. ఆ రోజు నేను పంతం పట్టి ఎవరి మీద పాట పెంచుతూ పోయానో ఆయన మా నాన్న. ఆయనకు ఈ సంగతి నేటికీ తెలియదు. డైరీలో కూడా ఆ తేదీ కింద "ఈరోజు కోత పండుగ. బిర్యానీలో ఉప్పు తక్కువైంది" అని మాత్రమే రాసుకున్నాను. (ఎవరైనా చదువుతారేమోనని డైరీలో సైతం నిజాలు రాయడానికి భయపడే రకం నేను. మా ఇంట్లో ఉన్నది ఇద్దరమే. ఆ రెండో మనిషికి తన కళ్లద్దాలు ఎక్కడ పెట్టుకున్నాడో ఎప్పుడూ గుర్తుండదు. అయినా భయమే.)

ఆ రోజుల్లో నాకు మాటలంటే ఎంత ఇష్టమో, మాట్లాడటమంటే అంత భయం. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో పనికి కుదిరాను. పాఠాలు చెప్పడానికి కాదు. నలుగురి ముందు నిలబడితే నా గొంతు లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంటుంది. అందుకని తరగతి గదుల వెనక, జిరాక్స్ మిషన్ పక్కన ఒక బల్ల వేసి నన్ను కూర్చోబెట్టారు. తెలుగులో చదువుకుని బ్యాంకు పరీక్షలు రాసే పిల్లల కోసం డబ్బు వ్యవహారాల్లో వాడే క్రియాపదాలకు అర్థం, వాడుక, పుట్టుక రాసిపెట్టడం నా పని. కట్టు, చెల్లించు, తీర్చు, కుదువ పెట్టు, కూడబెట్టు... ఒక్కొక్క మాటను పట్టుకుని రోజంతా కూర్చునేదాన్ని. జిరాక్స్ మిషన్ వేడికి నిద్ర వచ్చేది కానీ, మాటల వల్ల ఎప్పుడూ రాలేదు.

ఆ వారం నా బల్ల మీదికి వచ్చిన మాట 'పాడు'. రాగం తీసే పాడు కాదు, వేలంలో పాడే పాడు. "ఒక వస్తువుకు తాను ఎంత ఇవ్వగలడో నలుగురూ వినేటట్టు చెప్పడం" అని అర్థం రాశాను. "అతడు పాట పెంచాడు. ఆమె ఈ నెల చిట్టి పాడుకుంది. పాట ఆయన మీద నిలిచింది" అని వాడుక రాశాను. సెంటర్ నడిపే సార్‌ది రాజమండ్రి వైపు. కాగితం చూసి, "నలుగురూ వినేటట్టు ఎందుకమ్మా? ఇప్పుడంతా ఫోన్లో నొక్కడమే కదా. తీసెయ్యి" అన్నారు. తల ఊపాను కానీ తీసెయ్యలేదు. ఆ క్రియకు ప్రాణమంతా ఆ రెండు మాటల్లోనే ఉందని నాకనిపించింది. పుట్టుక దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డాను. 'వేలం' అన్న మాట ఓడలెక్కి వచ్చిన పోర్చుగీసు వాళ్ల నుంచి మనకు అబ్బిందంటారు. మరి దాని పక్కన మన 'పాడు' ఎందుకు చేరిందో ఏ నిఘంటువూ తిన్నగా చెప్పలేదు. ధరను గట్టిగా, సాగదీసి, చివరి మనిషి దాకా చేరేటట్టు పలకాలి కాబట్టి కావచ్చు అని నేనే ఊహించి, ముందు 'బహుశా' అని పెట్టాను. (నా జీవితంలో నేను ఎక్కువగా వాడిన మాట అదే.) రిసెప్షన్‌లో ఉండే అక్క నా భుజం మీదుగా తొంగి చూసి, "గింత రాసినవ్, నువ్వెన్నడన్న పాడినవా?" అని అడిగింది. లేదన్నాను. "చిట్టి సుత?" లేదన్నాను. "మరెట్ల రాస్తున్నవ్ తల్లీ, పెండ్లి గానోళ్లు కాపురం గురించి చెప్పినట్టు!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

నేను పాడలేదు కానీ, పాడే మనిషి పక్కన కూర్చుని పెరిగాను. మా అమ్మ అమీర్‌పేటలోనే ఒక చీరల దుకాణంలో పనిచేసేది. రోజంతా చీరలు విప్పి, మడిచి, మళ్లీ విప్పి వచ్చిన మనిషికి ఆదివారం చర్చిలో కూడా చేతులు ఊరుకునేవి కావు. మా చర్చిలో ఏటా చలి మొదలయ్యే రోజుల్లో కోత పండుగ జరుగుతుంది. పొలాలున్న రోజుల నాటి ఆచారం. ఇప్పుడు మాలో ఎవరికీ పొలాల్లేవు. అయినా తలా ఒక వస్తువు తెచ్చి దేవుడికి పెడతారు. సొరకాయలు, కోళ్లు, కేకులు, పచ్చళ్లు, ఒకసారి ఎవరో కొత్త మిక్సీ కూడా పెట్టారు. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో షామియానా కింద వాటన్నిటినీ వేలం వేస్తారు. వచ్చిన డబ్బు చర్చికి. ఇందులో ఒక మర్యాద ఉంది. పాట గెలిచినవాళ్లు డబ్బు కట్టి వస్తువు తీసుకుపోవచ్చు. లేదా డబ్బు కట్టి, వస్తువు మళ్లీ బల్ల మీదే పెట్టేయవచ్చు. అప్పుడు దాన్ని మళ్లీ వేలం వేస్తారు. ఒకే సొరకాయ నాలుగుసార్లు అమ్ముడుపోయి, చివరికి వాడిపోయి ఎవరి సంచిలోకో వెళ్లేది.

అమ్మ ఏనాడూ వస్తువు ఇంటికి తెచ్చింది లేదు. పాడటం, గెలవడం, మళ్లీ పెట్టేయడం. నాన్న దారిలో గొణిగేవాడు, "పైసలు కట్టినవ్ గదా, సొరకాయ తెచ్చుకుంటే ఏంబోతుండె?" అని. "తెచ్చుకుంటే ఒక్క పూట కూర. పెట్టొస్తే ఇంకో పాట. నీకు తెల్వదు తియ్" అనేది అమ్మ. నాన్న ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో పనిచేసేవాడు. ఫైళ్లు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు మోసే మనిషికి వస్తువు చేతికి వచ్చీ నిలవకపోవడం ఇంట్లో కూడా తప్పలేదు పాపం.

మాకు ఆ ఆఫీసు క్వార్టర్సులోనే రెండో అంతస్తులో ఇల్లు. బాల్కనీలో ఒక నీలం పెయింటు డ్రమ్ములో అమ్మ నిమ్మ చెట్టు పెంచింది. పెంచిందనడం కంటే దానితో పోట్లాడిందనడం నిజం. అది ముళ్లు తప్ప ఏమీ ఇవ్వలేదు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని దాని ముందు నిలబడి తిట్టేది. "తాగుతున్నవ్, తింటున్నవ్, ఎండల పండుకుంటున్నవ్. ఒక్క కాయ ఇయ్యనీకి ఏమైతది నీకు? సిగ్గు లేదా? ఇగో, చెప్తున్న, కాస్తే మొదటి కాత కోత పండుక్కు పెడత. దేవునికి మాట ఇచ్చిన. జర నా ఇజ్జత్ కాపాడు" అని. చెట్టు కిమ్మనేది కాదు. (ఆ ఇంట్లో అమ్మ మాటకు ఎదురు చెప్పని వాళ్లం ముగ్గురం. నాన్న, నేను, చెట్టు.)

ఆ ఏడు ఎండాకాలంలో అమ్మ పోయింది. సోమాజిగూడలో ఆసుపత్రికి మామూలు కడుపునొప్పని నడిచి వెళ్లిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయలేను. ఆ తర్వాత ఇంట్లో మేమిద్దరం మిగిలాం. ఇద్దరం మాట్లాడని వాళ్లమే. ఇన్నాళ్లూ మా మధ్య మాటలు మోసిన మనిషి లేకపోయేసరికి, ఒకే ఇంట్లో రెండు గదుల్లో అద్దెకున్న వాళ్లలా తిరిగేవాళ్లం. "అన్నం?" "ఆఁ." "పోతున్న." "ఊఁ." అంతే. ఒకరోజు సాయంత్రం నేను వచ్చేసరికి అమ్మ చీరల పెట్టె ఖాళీగా ఉంది. చర్చిలో స్త్రీల మైత్రి సంఘం వాళ్లకు ఇచ్చేశానన్నాడు నాన్న. ఎందుకని అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆ రాత్రి అన్నం మాత్రం ఇద్దరం కొంచెం తక్కువ తిన్నాం.

చెట్టుకు నీళ్లు పొయ్యడం మాత్రం నేను మానలేదు. పొద్దున్నే సెంటర్‌కు వెళ్లే ముందు ఒక చెంబెడు పోసేదాన్ని. నేను వెళ్లాక నాన్న కూడా ఒక చెంబెడు పోసేవాడని చాలా రోజులకు గాని తెలియలేదు. ఒకరికి తెలియకుండా ఒకరం పోసిన నీళ్లతో డ్రమ్ము కింద మడుగు కట్టి, కింది ఇంటావిడ పైకి వచ్చి అరిచి వెళ్లింది. ఆ రెండింతల తాగుడు వల్లనో, తిట్టే మనిషి లేదన్న దిగులుతోనో, వానల్లో చెట్టు పూసింది. చలి మొదలయ్యేసరికి ఆకుల మధ్య గోలీకాయలంత పచ్చటి పిందెలు కనిపించాయి. నేను చూశాను. నాన్న కూడా చూసే ఉంటాడు. ఇద్దరం ఒకరితో ఒకరం అనుకోలేదు.

కోత పండుగ నాటి ఆదివారం నాకు సెంటర్‌లో పని పడింది. అమీర్‌పేటకు ఆదివారమే అసలైన పనిదినం. నాన్న చెప్పులు వేసుకుంటూ, "నువ్వు సీదా చర్చికే వచ్చెయ్యి" అన్నాడు. ఆ రోజుల్లో అది మా మధ్య పెద్ద సంభాషణ కిందే లెక్క. నేను పంజాగుట్టలో ఉన్న మా చర్చికి చేరేసరికి ఆరాధన అయిపోయింది. షామియానా కింద వేలం మొదలైంది. మగవాళ్ల కుర్చీలు ఒక పక్క, ఆడవాళ్లవి ఒక పక్క, మధ్యలో దారికడ్డంగా నిలబడ్డ క్వయరు పిల్లలు. వెనక బిర్యానీ గిన్నెలు. నేను తల వంచుకుని ఆడవాళ్ల వైపు చివరి వరసలో గంట ఆంటీ పక్కన కూర్చున్నాను. ఆమె అసలు పేరు వేరే. ఆమె పిలిస్తే చర్చి గంట అవసరం లేదని అమ్మ పెట్టిన పేరది. ఇద్దరూ ప్రాణ స్నేహితులు, వేలంలో మాత్రం బద్ధ శత్రువులు.

కూర్చుని తల ఎత్తి చూస్తే బల్ల పక్కన, గంపలో ఉన్న కోడి దగ్గర, మా నిమ్మ చెట్టు నిలబడి ఉంది. నీలం డ్రమ్ముతో సహా. ముందు గుర్తుపట్టలేదు. మన ఇంటి మనిషి తెలియని ఊళ్లో బస్టాండులో కనిపించినట్టుగా, ఇదెవరబ్బా అనుకున్నాను. తర్వాత ఆంటీ మోచెయ్యి పట్టుకుని లాగాను.

"ఆంటీ, గా చెట్టు ఎవరు తెచ్చిన్రు?"

"మీ నాయనే. ఆటోల తెచ్చిండు. సగం చెట్టు లోపల, సగం బయట, డ్రైవర్‌కు ముండ్లు గుచ్చుకొని ఒకటే లొల్లి. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ముందు చీరలు పోయాయి. ఇప్పుడు చెట్టు. ఇంట్లో అమ్మ ఉన్న గుర్తులు ఒక్కొక్కటే బయటికి పంపేస్తున్నాడనుకున్నాను. లేచి మగవాళ్ల వైపు వెళ్లి "ఎందుకిచ్చినవ్ నాన్నా" అని అడగాలి. అంతమంది చూస్తుండగా ఆ దారిలో నడవడం నా వల్ల అయ్యే పని కాదు. నా సంచిలో ఆ నెల జీతంలో మిగిలిన మూడు వేలు ఉన్నాయి. కొనుక్కుందాం అనుకున్నాను. మా చెట్టును మేమే.

వేలం వేసేది చర్చి సెక్రటరీ. చేతికి మైకు దొరికితే వదలడు కాబట్టి పిల్లలందరికీ మైకు అంకుల్. "ఇగో చూడుండ్రి! నిమ్మ చెట్టు! డ్రమ్ముతోని సహా! ఆకులున్నయ్, పిందెలున్నయ్, ముండ్లు ఫ్రీ! రెండు వందలు నా పాట! ఎవలు పెంచుతరు?"

"ఆంటీ, మూడు వందలు అనుండ్రి" అన్నాను, ఆమె చెవిలో.

"నీకెందుకే చెట్టు?"

"అనుండ్రి ఆంటీ."

"నువ్వే అనరాదు? నోరు లేదా?"

నేను నేల చూశాను. ఆమె నా ముఖంలో ఏం చూసిందో, మెడ నిక్కించి, "మూడు వందలు!" అంది. గంపలో కోడి ఉలిక్కిపడింది.

"మగోళ్ల దిక్కు నుంచి ఐదు వందలు!" అన్నాడు మైకు అంకుల్. అటువైపు ఎవరో వేలు ఎత్తి చూపిస్తున్నారు. క్వయరు పిల్లల వెనక ఎవరన్నది కనిపించలేదు.

"వెయ్యి అనుండ్రి."

"పదకొండు వందలు!" అని అరిచింది గంట ఆంటీ. నేను కంగారుగా చూస్తే, "గుండుగ వెయ్యి అంటే ఎదుటోడు దాన్ని దాటాల్నని చూస్తడు. గిట్ల అంటే వానికి సోయి తప్పుతది. మీ అమ్మ తోని పాడి పాడి నేర్సుకున్న" అంది గుసగుసగా. (ఆమె గుసగుస ముందు మూడు వరసలకు వినిపిస్తుంది.)

ఎదుటివాడికి సోయి తప్పలేదు. వేలు లేస్తూనే ఉంది. జనానికి హుషారు వచ్చింది. బిర్యానీ దగ్గరున్న వాళ్లు కూడా గరిటెలతో వచ్చి నిలబడ్డారు. "ఏం నిమ్మకాయలబ్బా, బంగారపువా?" అని ఎవరో అన్నారు. "అక్కా, వదలకు! నీ మీద పాడే చెల్లె లేదు కదా అని మగోళ్లు ఎక్కువ చేస్తుండ్రు!" అని ఇంకెవరో ఎగదోశారు. ఆ వేలు ఎవరిదో గాని, నాకు కోపం వచ్చింది. ఇంతమందిలో మా చెట్టు మీదే పడాలా వీడి కన్ను అనుకున్నాను. ఆంటీ రెండు వేల తొమ్మిది వందలు అంది. అటునుంచి మూడు వేలు వచ్చింది. నా దగ్గరున్నదంతా అంతే.

"ఇంకో ఐదు వందలు నేనేస్త, మెల్లగ ఇద్దువు తియ్" అంది ఆంటీ. వద్దని తల ఊపాను. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి.

"పాట నిలిచింది! ఎవరి మీద అనుకున్నరు? చెట్టు పెట్టిన అన్న మీదనే నిలిచింది! తన చెట్టు తానే పాడుకున్నడు!"

క్వయరు పిల్లలు పక్కకు జరిగారు. మా నాన్న నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి చొక్కా జేబు మీద ఉంది. రెండో చేతి వేలు ఇంకా సగం ఎత్తే ఉంది, దించడం మరిచిపోయినట్టు. అప్పుడు నాకు అంతా అర్థమైంది. పిందెలు కోయడానికి పనికిరావు. పండేదాకా ఆగితే పండుగ దాటిపోతుంది. అమ్మ దేవుడికిచ్చిన మాట పోతుంది. అందుకని చెట్టును చెట్టుగా ఆటోలో తెచ్చి దేవుడికి పెట్టి, తానే పాడుకుని, మళ్లీ ఆటోలో ఇంటికి తీసుకుపోదామనుకున్నాడు. ఏ మూడు నాలుగు వందలకో అయిపోవలసిన పనికి నేనే ఆయన జేబు ఖాళీ చేయించాను. గంట ఆంటీ కూడా అర్థం చేసుకుంది. నా తొడ మీద గట్టిగా గిల్లి, "ఓసి పిల్లా, మీ నాయన మీదనే పాడిచ్చినవ్ గదే నాతోని!" అంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నెలల తర్వాత వచ్చిన నవ్వు. పోతే పోయాయి డబ్బులు, చెట్టు ఇంటికి వస్తోంది కదా. ఇంతలో వెనక నుంచి ఎవరో పిలిస్తే ఆంటీ వడ్డనకు వెళ్లిపోయింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మైకు అంకుల్ గొంతు మార్చాడు. "వీళ్లింట్ల చెల్లె ఇయ్యాల మన నడుమ లేదు. కానీ మీరే చెప్పుండ్రి, ఎన్నడన్న పాడిన వస్తువు ఇంటికి తీస్కపోయిందా? ఎప్పుడూ దేవునికే మళ్ల పెట్టింది! అన్న సుత ఆమె బాటలనే పోతడు! అన్నా, చెట్టు మళ్ల పెట్టేస్తున్నవ్ గదా?" చప్పట్లు మొదలయ్యాయి. ముందు వరసలో పాస్టరు అయ్యగారు కళ్లు మూసుకుని "దేవునికి స్తోత్రం" అన్నారు. ఒకరిద్దరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.   అంతమంది ముందు, అమ్మ పేరు చెప్పి అడిగాక, కాదనడం నాన్న వల్ల కాలేదు. తల ఎటో ఊగింది. అది అవునో కాదో ఆయనకే తెలియదు. మైకు అంకుల్‌కు మాత్రం అవునని తెలిసిపోయింది.

రెండోసారి పాట మొదలైంది. పాట గెలిచి మళ్లీ పెట్టేసినవాళ్లు ఆ వస్తువును ఇంకోసారి పాడకూడదు, పాడటానికి నాన్న దగ్గర ఏమీ మిగలలేదు కూడా. డబ్బు కట్టి, వెనక బిర్యానీ గిన్నెల వైపు వెళ్లిపోయాడు. ముందు వరసలో బంజారా హిల్స్ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ, "ఎంత ముద్దుగా ఉందండీ, మా టెర్రస్ మీద పెట్టుకుంటాం" అంటూ వెయ్యితో మొదలుపెట్టింది. నా సంచిలో మూడు వేలు అలాగే ఉన్నాయి. పక్కన ఆంటీ లేదు. ఇక నేనే పాడాలి. పాట పదిహేను వందల దగ్గరున్నప్పుడే నేను సిద్ధం కావడం మొదలుపెట్టాను. గొంతు సవరించుకున్నాను. కుర్చీ అంచు పట్టుకున్నాను. మనసులో ఒకసారి అనుకున్నాను, బాగానే వచ్చింది. ఇంకోసారి అనుకున్నాను. కళ్లు మూసుకుని, లేచి, ఉన్న బలమంతా పెట్టి, "మూడు వేలు!" అని అరిచాను.

 షామియానా కింద అందరూ నవ్వారు.

"పాట పైకి పోవాలె బిడ్డా, కిందికి గాదు!" అన్నాడు మైకు అంకుల్, ప్రేమగానే. "అక్కది ఇప్పటికే మూడున్నర వేలైంది!"

నేను ధైర్యం కూడగట్టుకునేలోగా ధర నన్ను దాటి వెళ్లిపోయింది. నేనూ నవ్వాను. బిడియస్తులకు అలాంటప్పుడు అదొక్కటే చేతనవుతుంది. కూర్చున్నాను. పాట ఆవిడ మీద నిలిచింది. ఆవిడ దాన్ని మళ్లీ పెట్టలేదు. అలా పెట్టవచ్చన్న మర్యాద ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెప్పే గొంతు నాకు లేదు.

కారు దగ్గర ఆవిడ డ్రైవరు డ్రమ్మును వెనక సీటులో ఎలా పట్టించాలో తెలియక తిప్పలు పడుతుంటే, నేను వెళ్లి కొమ్మలు దగ్గరికి పట్టుకున్నాను. ఏ కొమ్మ ఎటు వంగుతుందో నాకు తెలుసు. ఆవిడ సంతోషపడి, "ఏంటమ్మా, దీని సంగతి నీకు తెలిసినట్టుందే. రోజూ నీళ్లు పోస్తే చాలా?" అని అడిగింది.

"పొద్దున్నే తిట్టాలండీ" అన్నాను.

అది నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. ఆవిడ పకపకా నవ్వి, "భలే పిల్లవే!" అని నా బుగ్గ తట్టి కారెక్కింది. కారు మలుపు తిరిగేటప్పుడు కిటికీలోంచి ఒక కొమ్మ బయటికి ఊగింది.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. 'పాడు' అన్న మాటకు నేను రాసిన అర్థం ఆ సెంటర్ పుస్తకంలో ఇప్పటికీ ఉంది. "నలుగురూ వినేటట్టు" అన్న మాటలతో సహా. ఎవరో ఒక పిల్లవాడు దాన్ని బట్టీ పట్టి ఎక్కడో ఒక బ్యాంకులో కూర్చునే ఉంటాడు. నేను మాత్రం ఇప్పటికీ ఆటోవాడు అడిగినంతా ఇచ్చి దిగిపోతాను. ఆ షామియానా కింద కళ్లు మూసుకుని లేచి నిలబడ్డ ఆ పిల్లను తలచుకుంటే నాకు జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. ధర తప్పితే తప్పింది కానీ, అంత గట్టిగా నేనింకెప్పుడూ మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నం నాన్నా నేనూ నడిచే ఇంటికి బయలుదేరాం. మెట్రో స్తంభాల నీడలో ఆయన ముందు, నేను వెనక. ఎర్రమంజిల్ దాకా ఆయన ఏమీ మాట్లాడడనుకున్నాను. కొంత దూరం పోయాక తనలో తాను అనుకున్నట్టుగా, "ఇంటికి తెద్దామనే పెట్టిన" అన్నాడు.

"తెలుసు నాన్నా."

"గా గంటామె ఎందుకట్ల పాట పెంచిందో సమజ్ గాలే. మీ అమ్మ మీద పోటీ ఇంకా తీరలేదేమో పాపం. ఆమెకు సుత మీ అమ్మ లేక పొద్దు పోతలేదు గావచ్చు. నేనేమనుకోలే."

అప్పుడే చెప్పేసి ఉండవచ్చు. ఆమె కాదు నాన్నా, నేనే అని. చెబితే ఆయన నవ్వేవాడేమో. లేక ఆ మూడు వేల గురించి కాకుండా, పక్కపక్క గదుల్లో ఉంటూ ఒకే చెట్టు కోసం ఒకరి మీద ఒకరం పాడుకున్న సంగతి తలచుకుని ఇంకా చిన్నబోయేవాడేమో. బహుశా రెండూ. నేను చెప్పలేదు.

మా పైనుంచి రైలు వెళ్లింది. ఆ చప్పుడు ఆగేదాకా ఆయన నిలబడ్డాడు. తర్వాత వెనక్కి తిరిగి, నన్ను కాకుండా నా చెప్పుల వైపు చూస్తూ అన్నాడు.

"నువ్వు మూడు వేలని అరిసినవ్ సూడు... నేను గిన్నెల దిక్కు నిలబడి ఉన్న. ఎవలు అరిసిన్రో కనబడలే. మీ అమ్మనే అనుకున్న. ఒక్క సెకను. వచ్చిందనుకున్న."

 పక్క నుంచి బస్సులు పోతున్నాయి. ఎవరో ఇద్దరు మమ్మల్ని తప్పించుకుని నడిచి వెళ్లారు. నాన్న చొక్కా అంచుతో కళ్లు తుడుచుకుని, రోడ్డుకు అటూ ఇటూ చూసి, ఎవరూ వినడం లేదని నమ్మకం కుదిరాక, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"ఇంకొక్కసారి అను బిడ్డా."